ఫ్లాజెలెంట్లు: కొరడాతో ప్రాయశ్చిత్తం

పాపపరిహారం కోసం తమను తామే కొరడాతో కొట్టుకునే క్రైస్తవులు ఫ్లాజెలెంట్లు. లాటిన్‌లో ‘ఫ్లాజెల్లమ్’ అంటే కొరడా.

ఉద్యమారంభం: 1260, ఇటలీలోని పెరూజా. ఉద్ధృతి: 1348-49, ఐరోపాలో ప్లేగు (బ్లాక్ డెత్) కాలం. వీరి ఒక్కో ప్రాయశ్చిత్త యాత్ర ముప్పైమూడున్నర రోజులు. క్రీస్తు జీవించిన ఏళ్లకు గుర్తు. ఈ సంఖ్యను పరీక్షలో అడగవచ్చు. యూదులపై దాడుల్లోనూ వీరి పాత్ర ఉంది. ఈ చీకటి కోణాన్ని వదిలేయకండి.

నిషేధం: 1349 అక్టోబరు, పోప్ ఆరో క్లెమెంట్ (ముఖ్యం). నేటికీ ఫిలిప్పీన్స్‌లోని పంపాంగాలో గుడ్‌ఫ్రైడేకు కనిపిస్తారు.

తికమక పడేది ఇక్కడే: మొహర్రం పదో రోజు హైదరాబాద్ బీబీ కా ఆలం ఊరేగింపులో షియా ముస్లింలు తమను తాము కొట్టుకుంటూ చేసే మాతం ప్రాయశ్చిత్తం కాదు. 680లో కర్బలాలో అమరుడైన ఇమామ్ హుస్సేన్‌కు సంతాపం.

మతాచారాలకు వర్తించే భారత రాజ్యాంగ అధికరణ 25: మతస్వేచ్ఛ ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడే ఉంటుంది.