కాలేయానికి రెండు రక్తపు దారులు

మీ కుడి అరచేతిని కుడివైపు పక్కటెముకల కింది భాగం మీద ఉంచండి. ఆ ఎముకల వెనుక, విభాజక పటలానికి ఆనుకొని, పెద్దవారిలో సుమారు ఒకటిన్నర కిలోల బరువుండే ముదురు ఎరుపు అవయవం ఉంది. అదే కాలేయం. మాంసం దుకాణంలో మేక కార్జం చూసినవారికి దాని రంగు, మెత్తదనం తెలిసే ఉంటాయి.

అవయవానికి రక్తాన్ని ధమని తెస్తుంది, సిర తీసుకుపోతుంది అని చదువుకున్నారు కదా! కాలేయం దగ్గర ఈ సూత్రం చాలదు. ఇక్కడికి ధమనితోపాటు ఒక సిర కూడా రక్తం తెస్తుంది. అది కాలేయ నిర్వాహక సిర. కాలేయానికి చేరే రక్తంలో సుమారు 75 శాతం దీని ద్వారానే వస్తుంది. (దీన్ని కాలేయ సిర అని రాసి మార్కు పోగొట్టుకునేవారు ప్రతి ఏడూ ఉంటారు. కాలేయ సిర రక్తాన్ని బయటికి తీసుకుపోయేది.)

ఎందుకీ ఏర్పాటు? పేగులు పీల్చుకున్న చక్కెర, ఆమైనో ఆమ్లాలు, మింగిన మందులు, విషాలు ఒళ్లంతా పాకకముందే ఇక్కడికి రావాలి. కాలేయం నిండా ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పుతో, ఆరు పలకలుగా కనిపించే చిన్న చిన్న భాగాలున్నాయి. ఒక్కొక్క దాని మూలల నుంచి రెండు రక్తాలూ కలిసి, కణాల వరుసల నడుమగా, మధ్యనున్న సన్నని సిరలోకి పారుతాయి. కణాలు తయారుచేసే పైత్యరసం మాత్రం వేరే కాలువల్లో, ఎదురుదిశలో పోతుంది.

పిత్తనాళానికి రాయి అడ్డుపడినా, కణాలు వాచినా పైత్యవర్ణకం రక్తంలో పేరుకుపోతుంది. కళ్లు పచ్చబడతాయి. ఇవే కామెర్లు. అప్పుడు కొందరు వైద్యుణ్ణి చూడకుండా పసరు మింగిస్తారు. ఆ పసరులోని పదార్థాలు కూడా నిర్వాహక సిర వెంట ముందుగా చేరేది జబ్బుపడిన ఆ కాలేయానికే.