ఈజిప్టుకు దారి కలమళ్ళ మీదుగా

పదో తరగతి చదివే మీ అమ్మాయి "నేను ఈజిప్టులో తవ్వకాలు చేస్తా" అందనుకోండి. తుమ్మలపల్లెలో తవ్వకమంటే మనకు తెలిసింది యురేనియం గని. కాబట్టి ఆ మాట వింతగానే తోస్తుంది. అయినా దయచేసి నవ్వకండి.

మనవాళ్ళకు ఈ పని కొత్త కాదు. ఈజిప్టులోని ఆస్వాన్ ఆనకట్ట కింద నూబియా మునిగిపోతుందని యునెస్కో పిలుపునిస్తే, 1961-62లో బి.బి. లాల్ నాయకత్వంలో మన పురావస్తు శాఖ బృందం అక్కడి ఆఫియెలో తవ్వకాలు జరిపింది. అంతకు కాస్త ముందే, సాగర్ ముంపు రాకముందు నాగార్జునకొండను తవ్వింది కూడా ఆ శాఖే. ఈమధ్య ఈజిప్టులోనే ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే రేవులో బుద్ధ విగ్రహంతోపాటు శాతవాహనుల నాణేలూ బయటపడ్డాయి. అలాంటి నాణెం చదవగల తెలుగు పిల్ల ఈజిప్టుకు అక్కరకు రాదంటారా?

అందుకే ఇంటిదగ్గరే మొదలు పెట్టించండి. ఒక ఆదివారం ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళకు తీసుకెళ్ళండి. రేనాటి చోళుడు ధనంజయుడు 575 ప్రాంతంలో వేయించిన, మనకు తెలిసిన తొలి తెలుగు శాసనం వెలుగుచూసింది ఆ ఊరి గుడిలోనే. దాని నకలు ఒకటి సంపాదించి, అక్షరాలు కూడబలుక్కోమనండి. విసుక్కోకుండా గంటసేపు కూర్చుందంటే ఆమెకు ఈ పని సరిపడుతుంది. ఎందుకంటే తవ్వకాల్లో ఎక్కువ పొద్దు గడిచేది కుండపెంకులతోనే: కడగాలి, ఆరబెట్టాలి, ఒక్కోదాని మీద సన్నటి సిరాతో నంబరు వేయాలి, అంచు కొలిచి బొమ్మ గీయాలి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని తర్వాతైనా చూపొచ్చు.

డిగ్రీలో చరిత్ర, ఆపైన తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనో పుణె దక్కన్ కాలేజీలోనో పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చదివించండి. ఈజిప్టు మీదే పట్టు సాధించాలంటే లండన్, లివర్‌పూల్, కైరో లాంటిచోట చేరాలి. ఆ దేశపు పాత లిపితోపాటు ఫ్రెంచి, జర్మన్ చదవడం రావాలి. ముఖ్యమైన పుస్తకాలెన్నో ఆ భాషల్లోనే ఉన్నాయి. ఇంటర్లో ఉండగానే ఒక భాష మొదలుపెడితే మేలు.

ఉద్యోగాలు తక్కువన్న సంగతి ఆమె దగ్గర దాచకండి. అక్కడ తవ్వకాలు ఎక్కువగా చలికాలంలోనే సాగుతాయి. మిగతా నెలల్లో పాఠాలు చెప్పడమో, మ్యూజియం కొలువో ఉండాలి. పొలం తాకట్టు పెట్టి విదేశానికి పంపకండి, స్కాలర్‌షిప్ వస్తేనే పంపండి. ఎం.ఏ. దాకా మాత్రం అడ్డుపడకండి. ఆ చదువుంటే ఈజిప్టు అందకపోయినా మన పురావస్తు శాఖలు, మ్యూజియాలు, కాలేజీలు ఉన్నాయి.