'జాయిన్' పదము – దాని పుట్టుపూర్వోత్తరములు

కళాశాలలో 'జాయిన్' అయితిమని ప్రతి విద్యార్థియు చెప్పుకొనును. చేరుట, కలియుట, జోడించుట అను అర్థములు గల ఈ ఆంగ్ల క్రియ పుట్టుకను మనము ఒకింత పరిశీలింతము.

'జాయిన్' ఫ్రెంచి నుండి ఆంగ్లమునకు వచ్చినది. దీనికి మూలము లాటినులోని 'యుంగెరె'. కలుపుట, కాడికి పూన్చుట దాని అర్థములు. కాడికి ఆంగ్లమున గల 'యోక్' అను పేరును, సంస్కృతములోని 'యుజ్' ధాతువును, ఉర్దూలోనికి వచ్చిన పారసీక పదము 'జుఫ్త్', అనగా జంట, అనునదియు ఒకే మూలమునుండి పుట్టినవే. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టి యుండవలెనని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించెను.

అరబ్బీ వేరొక కుటుంబమునకు చెందినది. అయినను, కాడికి కట్టిన జంట అను అర్థము గల గ్రీకు పదము 'జ్యూగోస్' అరామిక్ ద్వారా అరబ్బీకి చేరి 'జౌజ్' అయినది. ఉర్దూలో భార్యకు గల 'జౌజా' అను పేరు దీనినుండి వచ్చినదే. తెలుగు ద్రావిడ భాష. కలుపు, కూర్చు మన సొంత పదములు; యోగము, సంయోగము సంస్కృతమునుండి మనము గ్రహించినవి.

కనుక భాషలు పుట్టుకచేతను కలియును, ఇచ్చిపుచ్చుకొనుటచేతను కలియును. రెండవ బంధము మొదటిదానికంటె తక్కువది కాదు. ఉర్దూ, తెలుగు, ఆంగ్లములలో ఏదో ఒకటి తనకు పరాయిదని తలచు విద్యార్థి దీనిని గుర్తింపవలెను. ఒక భాషను ప్రేమించుటకు మరియొకదానిని విడువనక్కరలేదు.