మలాము – మర్మము

తిరుచానూరు అమ్మవారిని సేవించుకొని నుదుట గంధంతో మరలివచ్చే భక్తులను మనం నిత్యం చూస్తుంటాము. కొంతసేపటికి తడి ఆరిపోయి, గంధం పైపూతగా మిగిలిపోతుంది. అలంకారానికి అది చాలును. కాని ఔషధం పైపూతగా మిగిలిపోతే రోగం మానదు. అది లోనికి పోవలెను.

ఉర్దూలోని ‘మర్హం’ మన తెలుగున ‘మలాము’ అయినది. ఇందులో రెండు భాగాలున్నవి: రోగాన్ని మాన్పే ఔషధం, దానిని మోసే ఆధారద్రవ్యం. వాసెలిన్ వంటి జిడ్డుగాని, నీరు నూనెల మిశ్రమంగాని ఆధారంగా ఉంటుంది. ఔషధం మొదట ఆధారాన్ని వీడి, పిదప చర్మంలో ప్రవేశించాలి. ఆధారంలో మిక్కిలి సులభంగా కరిగే ఔషధం దానిని వీడడానికి ఇష్టపడదు. కనుకనే ఒకే మందు వేర్వేరు మలాములలో వేర్వేరు బలం చూపుతుంది.

ఆధారంలో పొడిగా కలిసియున్న ఔషధం వెలువడే తీరును 1961లో టకేరు హిగూచి సూత్రీకరించారు. వెలువడిన పరిమాణం కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 1 గంటలో ఒక పాలు వెలువడితే, రెండు పాళ్లకు 4 గంటలు, మూడు పాళ్లకు 9 గంటలు పడుతుంది. చర్మానికి ఆనుకొన్న ఔషధం ముందు వెళ్లగా, వెనుకనున్నది ఎక్కువ దూరం ప్రయాణించాలి గదా! కనుక దట్టంగా పూసినంత మాత్రాన గుణం హెచ్చదు. పెద్దల చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మలాము సుమారు అర గ్రాము. రెండు హస్తాలంత మేరకు అది చాలును.

చర్మపు పైపొర మందం మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు యాభయ్యవ వంతు వరకే అయినా, అదే కోటగోడ. తడిసినప్పుడు, కట్టు కట్టినప్పుడు ఆ గోడ సడలుతుంది. అన్నిచోట్లా దాని బలం ఒకటి కాదు. హైడ్రోకార్టిసోన్ ముంజేతికంటె నుదుట 6 రెట్లు, దవడ వద్ద 13 రెట్లు ఇంకునని ఫెల్డ్‌మన్, మైబాక్ 1967లో కనుగొన్నారు.

ఈ శాస్త్రం మనకెందుకు? తామరకు, ముఖవర్ణానికి స్టెరాయిడ్ మలాములను అడిగి తెచ్చుకొని పూసుకొనేవారు మన చుట్టూ ఉన్నారు. దురద తగ్గుతుంది; తామర మాత్రం లోలోన వ్యాపిస్తుంది. ముఖచర్మం పలుచబడి ఎర్రబారుతుంది. అందుచేతనే 2018లో భారత ప్రభుత్వం ఇట్టి పలు మలాములను వైద్యుని చీటీపైననే అమ్మవలెనని నిర్ణయించింది.

విద్యార్థులారా! మిత్రుని మలాము మీకు మందు కానక్కరలేదు. వైద్యుని అడిగి, చెప్పినచోట, చెప్పినంత, చెప్పినన్నాళ్లు మాత్రమే పూయండి.