అమ్మమ్మ వయసు అడుగు

ట్రాయ్, మిషిగన్
ఫిబ్రవరి

చి. కార్తీక్‌కు,

ఫెరెట్‌ను పెంచుకోవాలనుందని, కుదిరితే ఆడ, మగ జతగా తెచ్చుకుని పిల్లల్ని కూడా పెట్టిస్తానని నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. మర్నాడే పిన్ని ఫోన్ చేసి "వాడు ముంగిసను తెస్తానంటున్నాడే" అని కంగారుపడింది. అది ముంగిస కాదు పిన్నీ, యూరప్‌లో రెండు వేల ఏళ్లకు పైగా మనుషుల దగ్గర పెరుగుతున్న జంతువు, కుందేళ్ల వేటకు మచ్చిక చేసుకున్నారు అని నచ్చజెప్పాను. నీతో మాట్లాడాల్సింది మాత్రం చాలా ఉంది. ఫోన్‌లో తెమిలేది కాదు కనుక రాస్తున్నాను.

ముందు ఉద్యోగం సంగతి తేలనీ. కాలిఫోర్నియాలోనూ హవాయిలోనూ ఫెరెట్‌ను పెంచడం చట్టవిరుద్ధం. న్యూయార్క్ నగరంలోనూ నిషేధమే. మే నెలతో నీ ఎంఎస్ అయిపోతుంది. కాలిఫోర్నియాలో మనవాళ్లు ఎక్కువగా చేరే సన్నీవేల్‌లోనో ఫ్రీమాంట్‌లోనో నీకూ ఉద్యోగం వచ్చిందనుకో, ఆ ప్రాణిని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్తావు? బాగా చూసుకుంటే ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఆఫర్ చేతికొచ్చి, ఏ ఊరో తెలిసి, అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకున్నట్టు లీజులో రాయించుకున్నాకే బ్రీడర్‌కు ఫోన్ చెయ్యి. నువ్వు నెలరోజులు ఇంటికి వెళ్తే ఎవరు చూస్తారో కూడా అప్పుడే ఆలోచించుకో.

ఇక అసలు విషయం. పాడిని చూసి గేదెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని మన పెద్దవాళ్లు అంటారు కదా. ఫెరెట్ దగ్గర తల్లితో ఆగితే చాలదు, అమ్మమ్మ దాకా వెళ్లాలి. ఈ జంతువును ఎక్కువగా పట్టుకునే రెండు జబ్బులూ నడివయసులో, మూడేళ్లు దాటాకే బయటపడతాయి. పిల్లను ఎంత తిప్పి చూసినా వాటి ఆనవాలు దొరకదు. ఏడాది రెండేళ్ల తల్లిలోనూ దొరకదు.

వాటిలో ఒకటి అడ్రినల్ గ్రంథి జబ్బు. పెట్ షాపుల్లో అద్దాల వెనుక కనిపించే పిల్లలు చాలావరకు పెద్ద పెద్ద ఫామ్‌ల నుంచి వచ్చినవే. ఐదారు వారాల వయసులోనే వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, వాసన గ్రంథులు కూడా తీసేసి దేశమంతా పంపిస్తారు. అండాశయాలో వృషణాలో లేకుండా పోయేసరికి మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిని అదుపు చేసే హార్మోన్ ఉండదు. దాంతో పిట్యూటరీ ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. ఫెరెట్ శరీరంలో ఆ సంకేతాలను అడ్రినల్ గ్రంథి అందుకుంటుంది. ఏళ్ల తరబడి అలా జరిగి జరిగి గ్రంథి ఉబ్బుతుంది, గడ్డ కడుతుంది. తోక దగ్గర మొదలై ఒళ్లంతా బొచ్చు రాలిపోతుంది, దురద పుడుతుంది. మగవాటికైతే ప్రోస్టేట్ వాచి మూత్రం బిగుసుకుపోతుంది. ఆ రాత్రే వెట్ దగ్గరకు పరుగెత్తకపోతే ప్రాణం దక్కదు. ఆపరేషన్‌కూ ఈ జబ్బు బయటపడటానికీ మధ్య సగటున మూడున్నరేళ్లు పడుతోందని నెదర్లాండ్స్ పశువైద్యులు 2000లో లెక్కగట్టారు. రెండోది ఇన్సులినోమా, అంటే క్లోమంలో పుట్టే కణితి. రక్తంలో చక్కెర పడిపోయి వెనక కాళ్లు తేలిపోతాయి, నోటి వెంట చొంగ కారుతుంది, చూపు ఎక్కడో నిలిచిపోతుంది.

అందుకే బ్రీడర్‌ను మొదట అడగాల్సింది రంగు గురించో ధర గురించో కాదు. "ఈ పిల్ల అమ్మమ్మ, తాతయ్య ఉన్నారా? పోయుంటే ఏ వయసులో, దేనితో పోయారు?" అని అడుగు. "తాత ఏడేళ్లు బతికాడు, చివర్లో ఇన్సులినోమా వచ్చింది, మందులతో ఏడాది నెట్టుకొచ్చాం" అని చెప్పే మనిషిని నమ్ము. "మా దగ్గర పుట్టినవాటికి ఏ జబ్బూ రాదు" అన్నవాళ్లకు దండం పెట్టి వచ్చెయ్. పోయినవాటి లెక్క రాసి పెట్టుకోనివాళ్లకు ఏ జతను కలపాలో, ఏ వరసను ఆపెయ్యాలో ఎలా తెలుస్తుంది?

మంచి బ్రీడర్ దగ్గర ఎప్పుడు పడితే అప్పుడు పిల్లలు దొరకవు. ఫెరెట్లు పగలు పొడవయ్యే కాలంలోనే ఎదకొస్తాయి. అంటే సహజంగా పిల్లలు పుట్టేది వసంతంలో, వేసవిలో. చలికాలంలోనూ పిల్లలున్నాయంటే లైట్లతో పగటిని పొడిగించి ఈనిస్తున్నారన్నమాట. ఈ తల్లి ఇప్పటికి ఎన్ని ఈతలు ఈనింది, మధ్యలో ఎంత విశ్రాంతి ఇచ్చారు అని అడుగు. అల్యూషన్ డిసీజ్ అనే వైరస్ జబ్బుకు పరీక్ష చేయించారా, కాగితం ఉందా అని కూడా అడుగు. దానికి మందూ లేదు, టీకా లేదు. పైకి బాగానే కనిపించే జంతువు కూడా మోసుకు తిరుగుతుంది.

ఇంటికి రానిచ్చి, తల్లిని చూపించేవాళ్ల దగ్గరే తీసుకో. పార్కింగ్ స్థలంలో డబ్బాలో పెట్టి ఇస్తామంటే వద్దు. ఫెరెట్ల ఇంట్లో కస్తూరి లాంటి ఘాటు వాసన ఉంటుంది. సీజన్‌లో ఉన్న మగది ఉంటే మరీను. దాన్ని తప్పుపట్టకు. మూత్రం కుళ్లి కళ్లు మండే వాసన వస్తే మాత్రం తప్పే. పాలిచ్చిన తల్లి కాస్త చిక్కి, బొచ్చు పల్చబడి ఉండటం మామూలే. మనిషిని చూసి మూలకు నక్కుతోందా, దగ్గరకొచ్చి వాసన చూస్తోందా అన్నది గమనించు. పిల్లలు ఆటలో పళ్లు వేస్తాయి. వాటిని రోజూ ఒళ్లో పెట్టుకుని అలవాటు చేసిన ఇంట్లో ఆ పళ్లు మెత్తగా పడతాయి.

పిల్లను చేతిలోకి తీసుకున్నాక నోరు తెరిచి చూడు. శాశ్వత కోరపళ్లు ఏడో వారం దగ్గర్లో బయటికొస్తాయి. ఎనిమిది వారాలదని చెప్పిన పిల్లకు అవి ఇంకా రాలేదంటే వయసు పెంచి చెప్పారన్నమాట. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర నుంచి తేకు, పది పన్నెండు వారాలైతే మరీ మంచిది. చెవుల్లో నల్లటి జిగురు ఉంటే పురుగులు పట్టినట్టు. తోక కింద శుభ్రంగా ఉండాలి. తలంతా తెల్లగా ఉన్నవి, నుదుటి మీద తెల్ల చార ఉన్నవి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ వాటిలో చాలావాటికి పుట్టు చెవుడు ఉంటుంది. చెవుడున్న ఫెరెట్‌ను హాయిగా పెంచుకోవచ్చు. ఆ సంగతి అమ్మేవాళ్లకు తెలిసుండాలి, నీకు చెప్పాలి. పొడవు బొచ్చు అంగోరా రకం జోలికి మాత్రం పోకు. ఆ రకం తల్లులకు చాలావాటికి పాలే సరిగ్గా పడవు. తన పిల్లలకు పాలివ్వలేని జంతువును అందం కోసం ఈనించడం నాకు ఒప్పుగా తోచదు.

నువ్వు ప్రశ్నలు అడిగినట్టే వాళ్లూ నిన్ను అడుగుతారు. ఎన్ని గంటలు ఇంట్లో ఉంటావు, వెట్ ఎవరు, ఇంతకుముందు ఏం పెంచావు అని. చిన్నబుచ్చుకోకు. ఏ కారణంతోనైనా పెంచలేకపోతే తిరిగి తమకే ఇవ్వాలని ఒప్పందంలో రాసేవాళ్లు దొరికితే అదృష్టమనుకో.

ఇక పిల్లల్ని పెట్టించడం. ఈ మాట చదివినప్పుడే నా గుండె జారింది. ఆడ ఫెరెట్ ఎదకొచ్చాక మగదానితో కలిస్తేనే అండం విడుదలవుతుంది. కలవకపోతే ఎద దిగదు. నెలల తరబడి అలాగే ఉంటే ఈస్ట్రోజెన్ ఎముక మూలుగను దెబ్బతీస్తుంది, రక్తం తయారు కావడం ఆగిపోతుంది, జంతువు చచ్చిపోతుంది. అందుకే బ్రీడర్లు కొందరు వేసెక్టమీ చేసిన మగదాన్ని ప్రత్యేకంగా ఉంచుకుంటారు, కొందరు హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తారు. "ఈ ఏడాది వద్దులే, వచ్చే ఏడాది చూద్దాం" అని ఊరుకోవడం కుదరదు.

చూలు నిలిస్తే దాదాపు 42 రోజులకు ఈనుతుంది. చివరి వారాల్లో ఒక్క రోజు తిండి తప్పినా తల్లి ఒళ్లు విషమై ప్రాణం మీదకు రావచ్చు. కడుపులో ఒకటో రెండో పిల్లలే ఉంటే నొప్పులే రాకపోవచ్చు, సిజేరియన్ తప్పదు. మామూలుగా ఎనిమిది దాకా పుడతాయి. ఒక్కోటి 10 గ్రాములు తూగితే గొప్ప. కళ్లు మూసుకుని ఉంటాయి, చెవులు వినపడవు. కళ్లు తెరిచేసరికి నెల దాటుతుంది. మొదటి రోజుల్లో చప్పుడైనా, కొత్త మనిషి చెయ్యి పెట్టినా తల్లి బెదిరి తన పిల్లల్నే తినేయొచ్చు. తల్లికి పాలగడ్డలు కడితే పిల్లల్ని వేరే తల్లి కింద వెయ్యాలి కనుక అనుభవమున్నవాళ్లు రెండు ఆడవాటిని ఒకేసారి ఈనేలా చూసుకుంటారు. మీ రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో, ముగ్గురు రూమ్‌మేట్ల మధ్య ఇదంతా ఎక్కడ జరుగుతుంది? జరిగినా ఆ ఎనిమిదింటికీ ఎనిమిది మంచి ఇళ్లు వెతకాలి. పునరావాస కేంద్రాల్లో ఇప్పటికే దిక్కులేని ఫెరెట్లున్నాయి. జత కావాలంటే ఒకే ఈతలోని రెండింటిని తెచ్చుకో, హాయిగా ఆడుకుంటాయి. ఆపరేషనా, హార్మోన్ ఇంప్లాంటా, ఏ వయసులో అన్నది వెట్‌తో మాట్లాడి తేల్చుకో.

తిండి గురించి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. నువ్వు గుడ్డు కూడా ముట్టవు. ఫెరెట్ పూర్తి మాంసాహారి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది, అందుకని గిన్నెలో తిండి ఎప్పుడూ ఉండాలి. పప్పుధాన్యాల ప్రొటీన్ ఎక్కువున్న మేత పెడితే మూత్రాశయంలో రాళ్లు కట్టొచ్చు. పెరుగన్నం, పండ్లు, పాలు ఏవీ పనికిరావు. కోడిమాంసం ఫ్రిజ్‌లో పెట్టడానికి నీ మనసు ఒప్పకపోతే ఈ జంతువు వద్దు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒప్పుకుంటే, బ్రీడర్ ఏం పెడుతున్నారో అదే మేత కొన్నాళ్లకు సరిపడా తెచ్చుకో. చిన్నప్పుడు రుచి మరిగినదాన్నే పెద్దయ్యాకా తింటుంది, కొత్తది పెడితే పస్తులుంటుంది.

పిల్ల రాకముందే ఫెరెట్లను చూసే వెట్‌ను వెతికి పెట్టుకో. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే వాళ్లందరూ వీటిని చూడరు. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఫెరెట్ బతకదనే అనుకోవాలి. ఎనిమిదో వారం నుంచి మూడేసి వారాలకు దాని టీకాలు పడాలి, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చో, కొన్నింటికి పడదు. మన ఫ్లూ దానికి అంటుతుంది, దానిది మనకూ అంటుతుంది. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నది ఫెరెట్ల సాయంతోనే. నీకు జ్వరమొస్తే రూమ్‌మేట్‌ను తిండి పెట్టమను. ఎండాకాలం ఇంట్లో 27 డిగ్రీలు దాటనివ్వకు.

జులైలో నేను పిట్స్‌బర్గ్ వస్తున్నాను. అప్పటికి ఉద్యోగం ఎక్కడో తేలి, ఎవరైనా బ్రీడర్ చూడటానికి రమ్మంటే ఇద్దరం కలిసి వెళ్దాం. ఈలోగా వాళ్లు అమ్మమ్మ గురించి ఏం చెప్పారో నాకు మెసేజ్ పెట్టు. అడ్వాన్సు మాత్రం నేను వచ్చేదాకా కట్టకు.

ప్రేమతో,
అక్క