కండలుంటే కోచ్ అయిపోరు

ఇంటర్ తప్పినా, డిగ్రీ అయి ఖాళీగా ఉన్నా మన కుర్రాళ్లకి ఈమధ్య ఇంట్లోవాళ్లు చూపిస్తున్న దారి ఒకటే: "ఎలాగూ జిమ్‌కి పోతున్నావుగా, ఆ ట్రైనర్ కోర్సేదో చేసెయ్." చదువు అబ్బనివాడికి ఇది సరిపోతుందని సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు వైపు చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. ఆ నమ్మకం తప్పు. దానివల్ల మీ అబ్బాయి ఒక్కడే కాదు, అతని దగ్గరికి వచ్చే మనుషులూ నష్టపోతారు.

ఆ వచ్చేవాళ్లెవరో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా అధిక బరువుతో ఉన్నారు. రేపు మీ అబ్బాయి ముందు నిలబడేది సిక్స్‌ప్యాక్ కావాలనే కాలేజీ కుర్రాడు కాదు. షుగరు మాత్రలు వేసుకుంటూ, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని తొంభై కిలోల గృహిణి.

ఆమెతో మొదటిరోజు పని తెలిసిన కోచ్ బరువులు ఎత్తించడు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు అని అడిగి రాసుకుంటాడు. అనుమానం ఉంటే డాక్టరు మాట విన్నాకే మొదలుపెడతాడు. షుగరు ఉంటే పాదాలకి పుండ్లున్నాయేమో, చెప్పులు ఒరుస్తున్నాయేమో చూసుకోమంటాడు. తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆన్చి తోయడం, పది నిమిషాల నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి; ఆ వేగం చాలు. కొన్ని బీపీ మాత్రలు నాడిని పెరగనివ్వవు కాబట్టి చేతి గడియారం చూపే అంకె కంటే ఈ పరీక్షే నమ్మకం. మన గోదావరి తీరపు ఉక్కలో చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అందుకే ఎండెక్కకముందే ముగిస్తాడు.

తెలియనివాడు మొదటిరోజే వందల గుంజీలు తీయిస్తాడు. అలవాటు లేని కండరాలు చితికి, మూత్రం డికాక్షన్ రంగుకి తిరిగి, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. దీన్నే డాక్టర్లు రాబ్డోమయోలైసిస్ అంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లని పరగడుపున పరిగెత్తిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగరు, బీపీ మెరుగుపడతాయి. అందుకు నెలలు పడుతుంది. "నెలలో 15 కిలోలు" అని బోర్డు పెట్టినవాడి దగ్గర మీ పిల్లవాణ్ణి పనికి కూడా పెట్టకండి.

ఇక డబ్బు ఉచ్చులు. శని, ఆదివారాల్లో నేర్పి "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" చేతిలో పెట్టే సంస్థలున్నాయి. "నూరు శాతం ప్లేస్‌మెంట్" అంటే ఏ జిమ్‌లో, ఎంత జీతానికి, ఎంతమందికి వచ్చిందో కాగితం మీద రాసిమ్మనండి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే సీపీఆర్ చేతులతో చేయించి నేర్పని కోర్సుకి రూపాయి కట్టొద్దు. రెండో ఉచ్చు ప్రొటీన్ డబ్బాల కమీషన్. అది అక్కడితో ఆగదు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని స్టెరాయిడ్ల దాకా పోతుంది. మూడోది, అనుభవం రాకుండానే అప్పు తెచ్చి సొంత జిమ్ పెట్టేయడం. పొలం కాగితాలు తాకట్టు పెట్టి యంత్రాలు కొనే ముందు రెండేళ్లు ఇంకొకరి దగ్గర పని చేయనివ్వండి.

నా ఓటు ఫిజియోథెరపీకి. బైపీసీ చదివినవాళ్లకి బీపీటీ ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. నొప్పి ఉన్న ఒంటితో పని చేయడం ఆ చదువే నేర్పుతుంది. డిగ్రీ అయినవాళ్లకి పీఈసెట్ రాసి చేరే రెండేళ్ల వ్యాయామ విద్య కోర్సు బీపీఈడీ ఉంది. అంత కాలం ఆగలేనివాళ్లు జాతీయ నైపుణ్య ప్రమాణాల కిందకి వచ్చే ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టొచ్చు. అది తొలిమెట్టు మాత్రమే. మందులు ఆపమనడం, షుగరు రోగికి డైట్ చార్టు రాయడం ట్రైనర్ పని కాదు. డాక్టరు దగ్గరికి, డైటీషియన్ దగ్గరికి పంపడం అతని పని.

"ఆడపిల్లకి జిమ్ పనేంటి" అనే తల్లిదండ్రులతో నాకు ఓపిక ఉండదు. బరువు ఎక్కువున్న మహిళలు మగ ట్రైనర్ ముందు చేతులెత్తడానికే సిగ్గుపడి ఇంట్లో ఉండిపోతున్నారు. ఊళ్లో ఒక గది, నాలుగు గట్టి కుర్చీలు, బీపీ మెషిన్ ఉంటే శిక్షణ పొందిన అమ్మాయి పని మొదలుపెట్టొచ్చు. రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చేసే చిన్న జీతపు కొలువు కంటే, పేరు నిలబెట్టుకుంటే ఇది ఎక్కువ కాలం అన్నం పెడుతుంది.

లావుగా ఉన్న మనిషిని ఎగతాళి చేసే పిల్లవాడికి మాత్రం ఈ రంగం వద్దు. ఏ కోర్సులో చేర్చే ముందైనా మీ పిల్లవాడు ఇంట్లో అమ్మమ్మని రోజూ పావుగంట నడిపించగలడేమో చూడండి. విసుక్కోకుండా నెల రోజులు నడిపిస్తే ఫీజు కట్టండి.