ప్రశ్నలు – జవాబులు: ఎండకు ఎంత, చేతికి ఎంత?

ప్రశ్న: మా నాయన గొర్లమందతో సంక్రాంతి దాటినంక ఊరు విడిస్తే మళ్ల తొలకరికే వచ్చేది. చేన్లల్ల కరెంటు ఉండదు. ఆయన దగ్గర కీప్యాడ్ ఫోను, రాత్రికి తలకు కట్టుకునే లైటు ఉన్నయి. వెనకాల సోలార్ పలక ఉన్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొందామనుకుంటున్న. పనికొస్తదా?
– ఒక పాఠకుడు, వనపర్తి జిల్లా

జవాబు: కొనకండి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే ఎంఏహెచ్ అంకె బ్యాటరీలో ఎంత పడుతుందో చెబుతుంది. ఎండ నుంచి ఎంత వస్తుందో చెప్పేవి వాట్లు. వాటిని ఎక్కడో చిన్నక్షరాల్లో వేస్తారు, కొందరు అసలు వేయరు. అరచేయంత పలక మిట్టమధ్యాహ్నం ఇచ్చేది ఒకటి, మహా అయితే ఒకటిన్నర వాట్లు. 20,000 ఎంఏహెచ్‌ను బ్యాటరీ వోల్టేజి 3.7తో లెక్కగడితే 74 వాట్ అవర్లు. రోజుకు ఐదు గంటలు మంచి ఎండ తగిలినా అది నిండటానికి పది రోజులు దాటుతుంది. పైగా పలకతోపాటు బ్యాటరీ కూడా ఎండలో మాడాలి. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మన మే నెల ఎండలో నల్లటి డబ్బా అంతకన్నా ఎక్కువే కాలుతుంది.

మీ నాయనగారికి పలక వేరు, బ్యాటరీ వేరుగా ఉన్నది కావాలి. మడతపెట్టే 10 వాట్ల ప్యానెల్, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు. పది అని రాసినా చేతికొచ్చేది ఆరో ఏడో వాట్లే. ప్యానెల్ వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. అయినా కీప్యాడ్ ఫోను బ్యాటరీ చిన్నది కాబట్టి గంట, గంటన్నర మంచి ఎండ దానికి సరిపోతుంది. ఫోన్‌ను నేరుగా ప్యానెల్‌కు పెట్టొద్దని చెప్పండి. మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా ఛార్జింగ్ ఆగిపోతుంది. పగలు పవర్ బ్యాంకును నింపుకొని (దాన్ని మాత్రం నీడలో ఉంచి), రాత్రి దాన్నుంచి ఫోనూ లైటూ ఎక్కించుకోవాలి.

ప్యానెల్ మీద ఒక పుల్లను నిటారుగా నిలబెట్టి, దాని నీడ మాయమయ్యేదాకా పలకను తిప్పితే సూర్యుడికి సూటిగా ఉన్నట్టు. తుమ్మకొమ్మ నీడ ఒక మూల పడినా నష్టం ఆ మూలతో పోదు. లోపలి గడులన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి మొత్తం పలక కుంటుపడుతుంది. సామాను మోసే గాడిద ఉంటే దాని మీద పరిచి కట్టొచ్చు. దారి ఏ వైపు తిరిగితే ఎండ ఆ వైపు తప్పుతుంది కాబట్టి మరీ ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: 2018లో తిత్లీ తుపానప్పుడు మా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. చేత్తో తిప్పే ఛార్జర్ ఒకటి ఇంట్లో పడుంటే ఫోనుకు ఢోకా ఉండదని మా బావ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మీ బావగారినే ఓ పది నిమిషాలు తిప్పి చూడమనండి. చిన్న మరలు ఇచ్చేది రెండు, మూడు వాట్లు. 5,000 ఎంఏహెచ్ స్మార్ట్‌ఫోను నిండాలంటే దాదాపు 19 వాట్ అవర్లు కావాలి. పది నిమిషాల శ్రమకు దక్కేది రెండు శాతం. నింపాలంటే ఏడెనిమిది గంటలు చెయ్యి ఆగకూడదు.

అలాగని ఆ మర దండగ కాదు, తప్పు పనికి పెడుతున్నాం అంతే. అదే పది నిమిషాల తిప్పుడుతో చిన్న ఎల్‌ఈడీ టార్చి అరగంట పైనే వెలుగుతుంది, చిన్న రేడియో గంట దాకా పలుకుతుంది. 1990ల మొదట్లో బ్రిటన్‌కు చెందిన ట్రెవర్ బేలిస్ తిప్పి మోగించే రేడియో తయారుచేసింది, కరెంటూ బ్యాటరీలూ అందని ఆఫ్రికా పల్లెల్లో ఎయిడ్స్ గురించిన సమాచారం వినపడాలనే. తుపానులో సెల్ టవర్లు మూగబోయినా దూరాన ఉన్న ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రం అందే అవకాశం ఉంటుంది. కాబట్టి తిప్పుడు మర, టార్చి కలిసిన రేడియో కొనండి. మీడియం వేవ్ ఉందో లేదో చూసుకోండి, చాలావాటిలో ఉత్త ఎఫ్‌ఎం ఉంటుంది. పిడి ఊగిసలాడుతుంటే వదిలేయండి. కొన్నాక రెండు మూడు నెలలకోసారి తిప్పి మోగించండి. అటక మీద ఏళ్లు పడుంటే లోపలి బ్యాటరీ చచ్చిపోతుంది.

ఫోను కోసమైతే 20,000 ఎంఏహెచ్ మామూలు పవర్ బ్యాంకు ఉంచుకోండి. తుపాను హెచ్చరిక ముందే వస్తుంది, ఆరోజే గోడ ప్లగ్గుకు పెట్టి నింపితే రెండుసార్లకు పైగా ఫోను నిండుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి 30,000 ఎంఏహెచ్ సోలార్ పవర్ బ్యాంకు తెస్తానంటోంది. విమానంలో తేనిస్తారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అది 111 వాట్ అవర్లు. వంద దాటితే విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి ఉన్నా చేతి సంచిలోనే తేవాలి, చెక్‌-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. సోలార్ పలక గురించి పైన వనపర్తి వారికి చెప్పిందే మీకూనూ. 20,000 ఎంఏహెచ్‌ది తెమ్మనండి, డబ్బా మీద సామర్థ్యం స్పష్టంగా అచ్చయి ఉన్నది చూసి. అంకె చెరిగిపోయినవాటిని భద్రతా తనిఖీలో అక్కడే ఉంచేసుకోవచ్చు.